క్వార్టర్‌బ్యాక్‌కి కాళ్లు ముఖ్యమా, చెయ్యి ముఖ్యమా? కాలేజ్ ఫుట్‌బాల్‌లో వేగానికి ఎంత విలువ కట్టాలి

2025 జనవరి 20, అట్లాంటా. అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్ జాతీయ ఫైనల్. నోటర్ డేమ్ తొలి డ్రైవ్‌లోనే (బంతి తమ చేతిలో ఉన్న ఒక దఫాలో) 18 ప్లేలు ఆడి 75 యార్డులు నడిచింది. అందులో తొమ్మిది సార్లు బంతి పట్టుకుని పరిగెత్తింది క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు వేస్తూ ఆట నడిపే ఆటగాడు) రైలీ లెనర్డే. బంతిని చివరి గీత దాటించి టచ్‌డౌన్ కూడా తనే చేశాడు. బయటికొచ్చేసరికి మనిషి పూర్తిగా అలిసిపోయాడు. ఆ తర్వాత ఒహాయో స్టేట్ వరసగా 31 పాయింట్లు కొట్టి, చివరికి 34-23తో గెలిచింది. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ విల్ హావర్డ్ ఆ సీజన్ మొత్తం మీద పరుగుతో సంపాదించింది 226 యార్డులు. లెనర్డ్ 906.

ఇద్దరూ ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజ్ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) నుంచి వచ్చినవాళ్లే. లెనర్డ్ డ్యూక్ నుంచి, హావర్డ్ కాన్సస్ స్టేట్ నుంచి. ఇప్పుడు సీజన్ అవగానే పెద్ద జట్లలో చాలా వరకు క్వార్టర్‌బ్యాక్ కోసం బజారుకెళ్తున్నాయి. ఎమ్మెస్‌కని వెళ్లి, శనివారం మ్యాచ్‌లకి అలవాటు పడి, ఉద్యోగాలొచ్చాక కూడా ఆ పిచ్చి వదలని మనవాళ్లకి ఇది ఏడాదికోసారి వచ్చే పంచాయితీ. పోర్టల్‌లో ఒకడు మెరుపులా పరిగెడతాడు, ఇంకొకడు గురి తప్పకుండా విసురుతాడు. మన టీమ్‌కి ఎవరు కావాలి?

నా లెక్క ముందే చెప్పేస్తాను. వేగం కావాలి, కానీ ఒక హద్దు వరకే. ఆ హద్దు ఎక్కడుండాలో తేల్చేది క్వార్టర్‌బ్యాక్ ముందు నిలబడి అతన్ని కాపాడే ఐదుగురు లైన్‌మెన్.

ఎన్ఎఫ్ఎల్ లెక్కలు ఇక్కడ ఎందుకు సరిపోవు

టీవీలో ఆదివారం చూసే ఎన్ఎఫ్ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) ఆటనీ శనివారం కాలేజ్ ఆటనీ ఒకే కొలతతో చూస్తే తప్పుదారి పడతాం. మైదానం వెడల్పు రెండింటికీ 160 అడుగులే. కానీ ప్లే ఎక్కడ మొదలవ్వాలో చెప్పే హాష్ గీతల మధ్య దూరం కాలేజ్‌లో 40 అడుగులు, ఎన్ఎఫ్ఎల్‌లో పద్దెనిమిదిన్నర. అంటే కాలేజ్‌లో బంతి ఒక గీత మీద ఉంటే ఒక పక్క 60 అడుగులు, రెండో పక్క 100 అడుగుల ఖాళీ. ఆ వంద అడుగుల వైపు పరిగెత్తగలిగే క్వార్టర్‌బ్యాక్ ఉంటే డిఫెన్స్‌కి టెన్షన్ మొదలవుతుంది. ఎన్ఎఫ్ఎల్‌లో రెండు పక్కలూ దాదాపు 71, 89 అడుగులు. మూల తిరిగేలోపే ఎవడో ఒకడు వచ్చేస్తాడు.

ఇంకో తేడా, పాస్ వేసేలోపు లైన్‌మెన్ ముందుకెళ్లగల దూరం. కాలేజ్‌లో మూడు యార్డులు, ఎన్ఎఫ్ఎల్‌లో ఒకటే. అందుకే పరుగా పాసా అన్నది చివరి క్షణంలో తేల్చుకునే ఆర్‌పీఓ ప్లేలకి కాలేజ్‌లో అంత చోటు దొరికింది.

అసలు కిటుకు మనుషుల లెక్కలో ఉంది. పరుగు ప్లేలో క్వార్టర్‌బ్యాక్ బంతి ఇచ్చేసి చూస్తూ నిలబడితే అఫెన్స్ (బంతి ఉన్న జట్టు) వైపు పనిచేసేది పదిమందే, అవతల పదకొండు మంది. అతను కూడా పరిగెత్తగలడంటే లెక్క సమానం అవుతుంది. జోన్ రీడ్ పుట్టింది ఈ ఆలోచన నుంచే. లైన్ చివరి డిఫెండర్‌ని కావాలనే ఎవరూ అడ్డుకోరు. క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్ బ్యాక్ (బంతితో పరిగెత్తడమే పనైన ఆటగాడు) పొట్ట దగ్గర పెట్టి ఆ డిఫెండర్‌నే చూస్తుంటాడు. వాడు రన్నింగ్ బ్యాక్ మీదకి దూకితే బంతి తనే ఉంచుకుని వాడు ఖాళీ చేసిన వైపు వెళ్తాడు. వాడు ఆగితే బంతి ఇచ్చేస్తాడు. ఇది పనిచెయ్యడానికి క్వార్టర్‌బ్యాక్ దేశంలోకెల్లా వేగస్తుడు కానక్కర్లేదు. ఆ డిఫెండర్ అర క్షణం తటపటాయిస్తే చాలు.

ఏయే కొలతలు చూడాలి

అందరూ ముందు అడిగేది 40 యార్డుల టైమ్. నేనైతే చివర్లో చూస్తాను. రాబర్ట్ గ్రిఫిన్ 4.41 సెకన్లు, మార్కస్ మరియోటా 4.52, జేలెన్ హర్ట్స్ 4.59, స్టెట్సన్ బెనెట్ 4.67, జానీ మాంజెల్ 4.68, పాట్రిక్ మహోమ్స్ 4.80. మాంజెల్ 2012లో టెక్సస్ ఎ అండ్ ఎమ్‌కి పరుగుతోనే 1,410 యార్డులు తెచ్చాడు. అతని టైమ్ బెనెట్ టైమ్ కన్నా సెకనులో వందో వంతు వెనక. బెనెట్‌ని ఎవరూ పరుగుల క్వార్టర్‌బ్యాక్ అనలేదు, జార్జియాకి వరసగా రెండు టైటిల్స్ మాత్రం తెచ్చాడు. లమార్ జాక్సన్, కైలర్ మర్రే, జేడెన్ డేనియల్స్ అసలు ఎన్ఎఫ్ఎల్ కంబైన్‌లో (ఎంపికకి ముందు జరిగే పరీక్షల్లో) ఆ పరుగే పెట్టలేదు. వాళ్ల వేగానికి స్టాప్‌వాచ్ సాక్ష్యం అవసరం రాలేదు.

చూడాల్సింది మొదటి మూడు అడుగులు, దిశ మార్చడం. క్రికెట్‌లో వికెట్ల మధ్య బాగా పరిగెత్తేవాడు వంద మీటర్ల పందెం గెలిచేవాడే అయ్యుండాలని లేదు కదా. ఎప్పుడు కదలాలో తెలియడం, సగంలో ఆగి వెనక్కి తిరగగలగడం, ఇవే రనౌట్ కాకుండా కాపాడేవి. పాకెట్‌లో, అంటే లైన్‌మెన్ కాపాడే చోట, కూడా అంతే.

తర్వాత గురి, అంటే చేరిన పాస్‌ల శాతం. దాని వెనకే ఇంటర్‌సెప్షన్లు, అంటే అవతలి జట్టు పట్టేసిన పాస్‌లు.

మూడోది శాక్స్, అంటే పాస్ వేసేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం. ఇక్కడ ఒక మెలిక ఉంది. కాలేజ్ రికార్డుల్లో శాక్ వల్ల పోయిన యార్డుల్ని క్వార్టర్‌బ్యాక్ పరుగు ఖాతాలోంచే కోసేస్తారు. ఎన్ఎఫ్ఎల్‌లో అలా చెయ్యరు. కాబట్టి కాలేజ్ క్వార్టర్‌బ్యాక్‌కి 300 యార్డుల పరుగు ఉందంటే, నిజంగా పరిగెత్తింది అంతకన్నా ఎక్కువే. పోర్టల్‌లో ఇద్దర్ని పక్కపక్కన పెట్టినప్పుడు ఇది మర్చిపోతే, చెత్త లైన్ వెనక ఆడిన కుర్రాడికి అన్యాయం చేస్తాం.

నాలుగోది, సీజన్ చివరికి మిగలడం. ప్లేఆఫ్ 12 జట్లకి పెరిగాక ఒహాయో స్టేట్ 2024లో 16 మ్యాచ్‌లు ఆడింది. ఆటకి పదిహేను సార్లు గుద్దించుకునే మనిషిని అంతదాకా లాక్కురావడం తేలికేం కాదు.

కొన్ని సీజన్లు ఒకచోట పెట్టి చూద్దాం:

| క్వార్టర్‌బ్యాక్ | జట్టు, ఏడాది | పాస్ యార్డులు | చేరిన పాస్‌ల శాతం | పరుగు యార్డులు | జట్టు గెలుపోటములు |
|---|---|---|---|---|---|
| డెనార్డ్ రాబిన్సన్ | మిషిగన్, 2010 | 2,570 | 62.5 | 1,702 | 7-6 |
| లమార్ జాక్సన్ | లూయీవిల్, 2016 | 3,543 | 56.2 | 1,571 | 9-4 |
| కామ్ న్యూటన్ | ఆబర్న్, 2010 | 2,854 | 66.1 | 1,473 | 14-0, టైటిల్ |
| జేడెన్ డేనియల్స్ | ఎల్ఎస్‌యూ, 2023 | 3,812 | 72.2 | 1,134 | 10-3 |
| కైలర్ మర్రే | ఓక్లహోమా, 2018 | 4,361 | 69.0 | 1,001 | 12-2 |
| జో బరో | ఎల్ఎస్‌యూ, 2019 | 5,671 | 76.3 | 368 | 15-0, టైటిల్ |
| విల్ హావర్డ్ | ఒహాయో స్టేట్, 2024 | 4,010 | 73.0 | 226 | 14-2, టైటిల్ |
| మ్యాక్ జోన్స్ | అలబామా, 2020 | 4,500 | 77.4 | 14 | 13-0, టైటిల్ |

ఈ పట్టిక చూసి "పరిగెత్తేవాళ్లు ఓడతారు" అనెయ్యకండి. ఇవి ఏరిన పేర్లు, పైగా గెలుపోటముల్లో డిఫెన్స్ వాటా సగం. 2023 ఎల్ఎస్‌యూ డిఫెన్స్ కాస్త నిలబడి ఉంటే డేనియల్స్ పక్కన 10-3 ఉండేది కాదు.

పరుగే ప్రధాన ఆయుధమైతే

రాబిన్సన్, జాక్సన్, న్యూటన్. వీళ్లుంటే సాధారణ జట్టు కూడా ఎవరికైనా గుబులు పుట్టిస్తుంది. రిసీవర్లు (పాస్ అందుకునేవాళ్లు) గొప్పవాళ్లు కాకపోయినా, లైన్ అంతంతమాత్రమైనా, ఒక్క మనిషి చుట్టూ మొత్తం అఫెన్స్ కట్టెయ్యొచ్చు. జాక్సన్ 2016లో 30 పాస్ టచ్‌డౌన్లు, 21 పరుగు టచ్‌డౌన్లు చేసి, ఏడాదిలో ఉత్తమ కాలేజ్ ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ కొట్టాడు.

అదే సీజన్ నవంబర్‌లో హ్యూస్టన్ అతన్ని 11 సార్లు శాక్ చేసింది. లూయీవిల్ 36-10తో చిత్తు. ఆ తర్వాత కెంటకీ చేతిలో, ఎల్ఎస్‌యూ చేతిలో కూడా ఓడింది. దేశంలో అతన్ని మించిన వేగం లేదు, అయినా పదకొండు సార్లు దొరికిపోయాడు. లైన్ పగిలిపోయినప్పుడు ఒంటి వేగం ఎంతవరకు కాపాడుతుందో ఆ మ్యాచ్ చెప్పింది. కాళ్ల మీద నమ్మకమున్నవాడు బంతిని ఇంకో క్షణం ఎక్కువ పట్టుకుంటాడు. ఆ క్షణం ఒక్కోసారి 60 యార్డుల టచ్‌డౌన్, ఒక్కోసారి 12 యార్డుల వెనకడుగు.

రాబిన్సన్ కథ ఇంకాస్త చేదు. 2010లో ఒకే సీజన్‌లో 2,500 యార్డుల పాస్, 1,500 యార్డుల పరుగు దాటిన మొదటివాడు. మిషిగన్ మాత్రం 7-6. 2012లో మోచేతి నరం దెబ్బతిని పాస్ వెయ్యడం కష్టమైంది. ఎన్ఎఫ్ఎల్‌కి వెళ్లింది రన్నింగ్ బ్యాక్‌గా.

న్యూటన్ ఎందుకు వేరు? అతని అసలు బలం ఒళ్లు. గుద్దితే గుద్దినవాడే పడే బరువు. పైగా పాస్‌లు 66 శాతం చేరేవి. వేగం, ఒళ్లు, గురి, ఈ మూడూ ఒకే మనిషిలో దొరకడం ఎంత అరుదంటే, అలాంటివాడు పోర్టల్‌లో ఉంటే ఈ గైడ్ చదువుతూ కూర్చోకూడదు.

నేవీ, ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్ (సైనిక అకాడమీల జట్లు) అభిమానులకి ఈ ప్రశ్నే లేదు. వాళ్ల సంప్రదాయ ట్రిపుల్ ఆప్షన్‌లో క్వార్టర్‌బ్యాక్ అంటే ముందు పరుగు, తర్వాతే పాస్. నేవీ క్వార్టర్‌బ్యాక్ కీనన్ రేనాల్డ్స్ తన కెరీర్‌లో 88 పరుగు టచ్‌డౌన్లు చేశాడు.

రెండూ ఉన్నవాడు

మర్రే, డేనియల్స్, ఓక్లహోమా రోజుల హర్ట్స్. అందరూ కోరుకునేది వీళ్లనే, అందుకే ధర కూడా అలాగే ఉంటుంది. 2021 జులై నుంచి ఎన్ఐఎల్ (తమ పేరు, రూపం వాడుకున్నందుకు వచ్చే డబ్బు) పేరుతో ఆటగాళ్లు బాహాటంగా సంపాదించుకునే వీలొచ్చాక ఇలాంటివాణ్ని తెచ్చుకోవడం కొన్ని జట్లకే సాధ్యం.

డేనియల్స్‌ని కాస్త దగ్గరగా చూడాలి. అరిజోనా స్టేట్ నుంచి వచ్చి 2022లో ఎల్ఎస్‌యూకి ఆడినప్పుడు పరుగు 885 యార్డులు, పాస్ టచ్‌డౌన్లు 17. మరుసటి ఏడాది పరుగు 1,134, పాస్ టచ్‌డౌన్లు 40, ఇంటర్‌సెప్షన్లు నాలుగే. కాళ్లు రెండేళ్లూ ఉన్నాయి. హైస్మన్ తెచ్చింది మాత్రం దూరపు పాస్‌లు వెయ్యడానికి వచ్చిన ధైర్యం. ఫ్లోరిడా మీద ఒకే ఆటలో 372 యార్డుల పాస్, 234 యార్డుల పరుగు చేశాడు. అంతకుముందు పెద్ద కాలేజ్‌ల స్థాయిలో ఒకే మ్యాచ్‌లో 350, 200 రెండూ దాటినవాడే లేడు.

పోర్టల్‌లో ఎంచుకునేవాళ్లకి ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. పందొమ్మిదేళ్లకి ఉన్న వేగం ఇరవై రెండేళ్లకి పెద్దగా పెరగదు, గురి పెరగొచ్చు. కాబట్టి ఇంకా రెండేళ్లు ఆడే అవకాశమున్న వేగస్తుడి గురి 60 శాతం దగ్గర ఆగినా ఆశ పెట్టుకోవచ్చు. చివరి ఏడాదిలో ఉన్నవాడికి అదే 60 శాతమైతే, మీకు దొరికేది కూడా 60 శాతమే.

సరిపడా కాళ్లు, గట్టి చెయ్యి

నా ఓటు ఎక్కువసార్లు పడేది ఇక్కడే. బరో 2018లో ఎల్ఎస్‌యూకి పరుగుతో 399 యార్డులు చేశాడు, పాస్‌లు 57.8 శాతమే చేరాయి. 2019లో పరుగు 368, పాస్‌లు 76.3 శాతం, 60 టచ్‌డౌన్లు. కాళ్లు అవే, మనిషీ అతనే. మారింది పాస్ అఫెన్స్: కొత్తగా వచ్చిన కోచ్ జో బ్రేడీ, విశాలంగా పరుచుకునే ఆట, ఒక ఏడాది పండిన రిసీవర్లు. ఆ 368 యార్డుల్ని తక్కువగా చూడొద్దు. మూడో డౌన్‌లో (పది యార్డులకి దొరికే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) ఆరు యార్డులు కావాల్సినప్పుడు, అందరూ రిసీవర్ల వెంట పడి మధ్యలో దారి వదిలితే, నింపాదిగా ఏడు యార్డులు తెచ్చుకునే రకం పరుగులు అందులో ఉన్నాయి.

ఆ డిసెంబర్‌లోనే అట్లాంటాలో సెమీఫైనల్. ఇటు బరో, అటు ఆ సీజన్‌లో పరుగుతో 1,298 యార్డులు చేసిన హర్ట్స్. తొలి సగంలోనే బరో ఏడు పాస్ టచ్‌డౌన్లు వేశాడు. ఎల్ఎస్‌యూ 63, ఓక్లహోమా 28. అవతల డిఫెన్స్ బలహీనమైనదే, నిజమే. కానీ 20 పాయింట్లు వెనకపడ్డాక పరుగుల క్వార్టర్‌బ్యాక్ చేతులు ఎలా కట్టేసుకుపోతాయో కూడా అక్కడ కనిపించింది. పరుగు గడియారాన్ని తినేస్తుంది, వెనకబడ్డ జట్టు దగ్గర లేనిదే సమయం.

హావర్డ్ కూడా ఈ కోవే. ఫైనల్లో 16 సార్లు పరిగెత్తి 57 యార్డులు తెచ్చాడు. ఆట తేలాల్సిన వేళ మూడో డౌన్, 11 యార్డులు కావాలి. అప్పుడు రిసీవర్ జెరెమయా స్మిత్‌కి 56 యార్డుల పాస్ వేశాడు.

పాకెట్‌లోనే నిలబడేవాడు

మ్యాక్ జోన్స్‌కి 2020లో పరుగు 14 యార్డులు. శాక్స్ తీసేశాక మిగిలింది. అయినా జట్టు ఓడిపోలేదు. ఎందుకంటే ఆ ఏడాది దేశంలో ఉత్తమ అఫెన్సివ్ లైన్‌కి ఇచ్చే జో మూర్ అవార్డు అలబామాదే. రిసీవర్ డెవాంటా స్మిత్ హైస్మన్ గెలిచాడు. వెనక రన్నింగ్ బ్యాక్ నాజీ హ్యారిస్. అలాంటి ఇంట్లో కాళ్లతో పనేముంది? 2019లో ఆ అవార్డు బరో ముందు నిలబడ్డ ఎల్ఎస్‌యూ లైన్‌ది, 2018లో మర్రే ముందున్న ఓక్లహోమాది. అంటే మర్రే లాంటి చురుకైనవాడు కూడా 4,361 యార్డుల పాస్ వేసింది గట్టి గోడ చాటునే. మీ జట్టుకి ఆ గోడ లేకుండా జోన్స్ లాంటివాణ్ని తెచ్చుకుంటే అక్టోబర్ నాటికి బ్యాకప్ కుర్రాడి పేరు మీకు బాగా గుర్తుంటుంది.

ఒకే జట్టు, రెండు జవాబులు

ఈ చర్చలో నాకు అన్నిటికన్నా నచ్చే ఉదాహరణ అలబామాదే. 2018 జనవరి 8, జాతీయ ఫైనల్. హర్ట్స్ స్టార్టర్‌గా అప్పటికి ఓడింది రెండే మ్యాచ్‌లు. జార్జియా మీద తొలి సగంలో ఎనిమిది పాస్‌లకి మూడు చేరాయి, 21 యార్డులు. స్కోరు 0-13. కోచ్ నిక్ సేబన్ విరామంలో అతన్ని కూర్చోబెట్టి, ఫ్రెష్‌మన్ టువా టాగోవైలోవాని దింపాడు. ఓవర్‌టైమ్‌లో టువా ముందు 16 యార్డులు పోగొట్టే శాక్ తిన్నాడు. మరుసటి ప్లేలో, రెండో డౌన్, 26 యార్డులు కావాల్సి ఉండగా, డెవాంటా స్మిత్‌కి 41 యార్డుల పాస్. 26-23, టైటిల్.

అదే ఏడాది డిసెంబర్. అదే స్టేడియం, అదే జార్జియా, ఈసారి ఎస్ఈసీ (ఈ రెండు జట్లూ ఆడే కాన్ఫరెన్స్) ఫైనల్. గాయంతో టువా బయటికి, హర్ట్స్ లోపలికి. ఈసారి పాస్‌లు వేశాడు, ఆఖర్లో 15 యార్డుల పరుగుతో గెలుపు టచ్‌డౌన్ చేశాడు. 35-28. కాళ్లవాడు చేతివాణ్ని, చేతివాడు కాళ్లవాణ్ని కాపాడిన జట్టు అది. డబ్బుంటే రెండు రకాల వాళ్లనీ ఉంచుకోవడమే ఉత్తమం. కాకపోతే ఈ రోజుల్లో రెండోవాడు పోర్టల్‌లోకి దూకకుండా ఆగడు. హర్ట్స్ కూడా ఆ సీజన్ తర్వాత ఓక్లహోమా వెళ్లిపోయాడు.

మరి మీ టీమ్‌కి ఎవరు?

లైన్ బలహీనంగా ఉండి, రెండేళ్లుగా ఆరేడు గెలుపుల దగ్గరే ఆగిపోయిన జట్టు మీదైతే, వేగానికే మొగ్గండి. గురి కొంచెం తక్కువైనా సర్దుకోవచ్చు. కూలిపోతున్న ప్లేని నాలుగు యార్డులకైనా మార్చేవాడు లేకపోతే మ్యాచ్ మూడో క్వార్టర్‌కే అయిపోతుంది. అయితే బ్యాకప్ మీద కూడా ఖర్చు పెట్టాలి. 2014లో ఒహాయో స్టేట్ సీజన్ మొదలవకముందే బ్రాక్స్‌టన్ మిల్లర్‌ని, మిషిగన్ మ్యాచ్‌లో జె.టి. బ్యారెట్‌ని పోగొట్టుకుని, మూడోవాడైన కార్డేల్ జోన్స్‌తో టైటిల్ కొట్టింది. ఫైనల్లో ఓడించింది ఎవర్ని? 4.52 మరియోటా ఉన్న ఆరెగన్‌ని, 42-20తో. 2023లో ఫ్లోరిడా స్టేట్‌కి ఆ అదృష్టం లేదు. జోర్డన్ ట్రావిస్ పరిగెడుతూ కాలు విరగ్గొట్టుకున్నాడు. జట్టు 13-0తో నిలిచినా, అతను లేడని కమిటీ ప్లేఆఫ్‌కి పిలవలేదు.

లైన్, రిసీవర్లు రెండూ ఉండి టైటిలే లక్ష్యమైతే గురి వైపు. వేగం విషయంలో ఒక్క పరీక్ష చాలు: ఎవరూ కాపలా లేనప్పుడు ఎనిమిది యార్డులు తెచ్చుకోగలడా? అది కూడా రానివాడైతే, జోన్స్ ముందున్నంత గట్టి లైన్ మీకుందా అని మిమ్మల్ని మీరే నిజాయితీగా అడగండి.

కొత్త కోచ్ వచ్చిన ఏడాది నేను కాళ్లకి మరికొంత మార్కులు వేస్తాను. కొత్త ప్లేబుక్ ఒంటబట్టేలోపు సెప్టెంబర్ దాటిపోతుంది, అందాకా బండి నడిపేది సొంత చొరవే.

అమెరికాలో ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో హైస్కూల్ జట్టులో క్వార్టర్‌బ్యాక్ ఆడే పిల్లాడి తల్లిదండ్రులకి ఒక మాట. మీవాడు బాగా వేగంగా ఉంటే, కాలేజ్ కోచ్‌లు రిసీవర్‌గానో, డిఫెన్స్‌లో కార్నర్‌బ్యాక్‌గానో మార్చాలని చూడొచ్చు. అది అవమానమేం కాదు. కానీ క్వార్టర్‌బ్యాక్‌గానే ఉండాలన్నది వాడి పట్టుదలైతే, సమ్మర్ డబ్బులు స్ప్రింట్ కోచింగ్‌కి పోసే బదులు, పాస్ టైమింగ్, డిఫెన్స్ చదవడం నేర్పేవాళ్లకి ఇవ్వండి. వేగం ఉందన్న సంగతి కోచ్‌లకి వీడియోలో ఎలాగూ కనిపిస్తుంది.

ఇక పోర్టల్‌లో పేరు చూడగానే హైలైట్స్ వీడియో పెట్టుకునే అలవాటుంటే, దాన్ని పక్కన పెట్టి ఆ కుర్రాడు ఓడిపోయిన ఒక మ్యాచ్ మొత్తం చూడండి. మూడో డౌన్, నాలుగు నుంచి ఏడు యార్డులు కావాల్సిన ప్లేల దగ్గర ఆపి, మొదటి రిసీవర్ దొరకనప్పుడు తల ఎటు తిరుగుతోందో గమనించండి. రెండో రిసీవర్ వైపు చూసి, అప్పుడు కదిలితే మంచిదే. చూపు కిందికి దిగి, తన మీదకొచ్చే అవతలి జట్టు లైన్‌మెన్ మీద పడి, వెంటనే పరుగందుకుంటే, ఆ కుర్రాడి 40 యార్డుల టైమ్ ఎంతో నాకు చెప్పొద్దు.